ముట్టించని బీడీ

నా రొమ్ములు పైకి ఎత్తించుకోవాలన్న కోరిక మొదట తెలిసింది మా ఆయనకు కాదు, మా అమ్మకు కాదు, నా జాకెట్లు కుట్టే జోహరా బీకి. అది కూడా నేను చెప్పలేదు, ఆమే పట్టేసింది. కోరుట్లలో మా గల్లీ మూల మీద ఆమె ఇల్లు. హోలీ అయిన తరవాతి వారం, చుట్టాల పెళ్లికి జాకెట్ కొలతకని పోయాను. ఆమె భుజం మీద టేపు పెట్టి కిందికి జార్చి, నంబరు చూసి ఆగింది.

“సంధ్యా, యాడాదికి యాడాదికి నీ టక్కు కిందికి దిగుతనే ఉన్నది. గీ సారి నడుముకాడ కుట్టాల్నా ఏంది?” అంది.

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో నాకే తెలియదు. టేపు ఇంకా భుజం మీద ఉండగానే ముక్కు చీదుకుంటూ నిలబడ్డాను.

ఇద్దరు పిల్లలకు పాలిచ్చాను. తరవాత లావయ్యాను. షుగర్ వస్తుందని బెదిరిస్తే అన్నం మాని, జొన్నరొట్టెల మీద బతికి, సగం మనిషినయ్యాను. ఒళ్లు తగ్గింది గాని తోలు తగ్గలేదు. బీడీలు చేయడానికి చాట ఒళ్లో పెట్టుకుని వంగితే రెండూ వచ్చి చాటలో తంబాకు మీద వాలేవి. మోచేత్తో పక్కకు నెట్టి చేసుకునేదాన్ని. ఎండలు ముదిరితే వాటి కింద చెమటకు ఒరుసుకుని పుండ్లయ్యేవి. ఇవన్నీ నలుగురికి చెప్పుకోదగ్గ కారణాలు. చెప్పుకోలేనిది ఒకటుంది. అద్దంలో నన్ను చూసుకోవడం నాకు ఇష్టం లేకుండా పోయింది. ముప్పై ఆరేళ్లకే లైటు ఆర్పి చీర మార్చుకునేదాన్ని. అదీ బాధే. ఎవరితో చెప్పినా ‘ఇదొక బాధా’ అంటారని లోపల కుక్కుకున్నాను.

జోహరా బీ లేచి వాకిలి తలుపు దగ్గరకు వేసింది. ఆమె బిడ్డ బుష్రా జగిత్యాలలో ఒక ఆసుపత్రిలో నర్సు. అక్కడికి ఆదివారం ఆదివారం హైదరాబాద్ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి, ఆపరేషన్లుంటే సోమవారం దాకా ఉంటుందట. కాలిన ఒళ్లకు కొత్త తోలు వేస్తుంది, తెగిన వేళ్లు అతుకుతుంది, ఈ పని కూడా చేస్తుందట. గుండె మీద మచ్చ పడుతుందేమోనన్నాను. అడగడానికి మచ్చ పడదు కదా, అడిగి రా అంది జోహరా బీ.

మా ఆయన మధుకర్ ట్రాలీ ఆటో నడుపుతాడు. ఎంత బరువైనా ఎత్తుతాడు గాని ఇలాంటి మాట ఎత్తడం అతనికి రాదు. విషయం చెబితే ఆటో తాళంచెవి వేలికి తిప్పుకుంటూ, “నొప్పి లేస్తదేమో గదనే?” అన్నాడు. వద్దనలేదు. ఖర్చుకు బీడీ కార్ఖానలో జమైన నా పీఎఫ్ ఉంది, నా చీటీ ఉంది. ఎవరి ముందూ చెయ్యి చాచే పని లేదు.

ఆ ఆదివారం జగిత్యాల పోయాం. డాక్టరమ్మ సన్నగా, పొట్టిగా, బడిపిల్లలా ఉంది. మా ఆయన గదిలోకి వచ్చినప్పటి నుంచి పైన తిరిగే ఫ్యానును తప్ప ఇంకో వస్తువును చూడలేదు. ఆమె మాత్రం వంకాయల ధర మాట్లాడినంత మామూలుగా రొమ్ముల గురించి మాట్లాడింది. ఇంకా పిల్లలు కావాలా అని అడిగింది. కావాలంటే వాళ్లు పుట్టి పాలు మానేదాకా ఆగమంది. బరువు ఒకచోట నిలిచిందా అని అడిగింది. మా అమ్మకో చెల్లెకో రొమ్ములో గడ్డలు లేచాయా అని అడిగి, స్కానింగ్‌లో ఏమీ లేదని తేలితేనే కత్తి పడతానంది.

“ఇది పెద్దవి చేసే ఆపరేషన్ కాదు, చిన్నవి చేసేదీ కాదు. ఉన్నవాటిని ఉండాల్సిన చోటికి చేరుస్తాను. అద్దంలో మీరు ఏం చూడాలనుకుంటున్నారో నాకు చెప్పండి,” అంది.

అటువంటి ప్రశ్న నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. తడుముకుని, “నన్నే సూసుకోవాలె. గంతే,” అన్నాను. ఆమె తల ఊపి, బొమ్మ గీసి చూపించింది. చనుమొన చుట్టూ ఒక కుట్టు, దాని కింద నిలువుగా ఒకటి, అడుగున మడతలో అడ్డంగా ఒకటి. మచ్చలు ఏడాదికి పలచబడతాయి గాని పోవు. కొన్నాళ్లు స్పర్శ ఉండదు, కొందరికి కొంత ఎప్పటికీ రాదు. ఎత్తినంత మాత్రాన అట్లాగే నిలిచిపోవు, వయసు మళ్లీ కిందికి లాగుతుంది. ఒక్కటీ దాచలేదు. దాచకపోవడం వల్లనే నాకు ధైర్యం వచ్చింది.

నన్ను నిద్రపోనివ్వని సంగతి ఒకటుంది, అది అడిగాను. మొనను కోసి పక్కన పెట్టి మళ్లీ పైన కుడతారా అని. ఆమె కాదంది. మొనను దాని కింది కండతో, నెత్తురు తెచ్చే నాళాలతో అట్లాగే ఉంచి పైకి జరుపుతుందట. చుట్టూ ఉన్న తోలే తీసేసి సవరిస్తుందట.

“నారు మట్టితోని లేపినట్టా?” అన్నాను.

“అట్లే. ఆ వేరులో నెత్తురు ఆగకుండా పారాలి. పొగాకు ఆ నాళాలను బిగించేస్తుంది. పారకపోతే మొన నల్లబడి ఊడిపోతుంది. అందుకే అందరినీ అడుగుతాను. మీరు పొగ తాగుతారా?”

నాకు నవ్వు ఆగలేదు. మా ఆయన కూడా ఫ్యాను మీది నుంచి చూపు దింపాడు. మా ఇంట్లో మగవాళ్లే ముట్టరని చెప్పాను. నిజమే చెప్పాను. ఏం పని చేస్తారని అడిగితే ఇంటిపని అన్నాను. అదీ అబద్ధం కాదు. మా దగ్గర ఆడవాళ్లకు బీడీలు చేయడం పని లెక్కలోకి రాదు. వంటయ్యాక, బట్టలు ఉతికాక చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి చేసేది. బడి సెలవులు పడ్డాక, పిల్లలను మా చెల్లె దగ్గరికి రాయికల్ పంపి చేయించుకోవడానికి మాట అనుకున్నాం.

మా అత్తమ్మ సత్యవ్వకు చెప్పడం ఆపరేషన్ కంటే పెద్ద పని. ఆమె పాలపళ్లు ఊడకముందే చాట పట్టిన మనిషి. మాట్లాడుతూ, తిడుతూ, కునుకు తీస్తూ బీడీ చుట్టగలదు, ఒక్కటీ వంకర పోదు. నేను చెప్పిందంతా విని, బీడీ చుట్టే తునికాకు మీద కత్తెర ఆపకుండానే, “ఎవలు సూస్తరని?” అంది.

“నేనే సూసుకుంట అత్తమ్మా.”

కత్తెర ఆగింది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది. మళ్లీ ఆకు కోయడం మొదలుపెట్టి, నాతో మాట్లాడటం మానేసింది. గల్లీలో మాత్రం ఎట్లా పాకిందో పాకింది. ఎదురింటి దేవవ్వ మా అరుగు మీదికి వచ్చి కూర్చుని, కొత్తవి పెట్టిస్తే పాతవి ఏం చేస్తావు పిల్లా, పారేయకు, నాకియ్యి అంది. చాటలన్నీ కదిలిపోయేలా నవ్వారు. నేనూ నవ్వాను. మా అత్తమ్మ నవ్వలేదు, చెయ్యీ ఆపలేదు.

ఆ నెలంతా నేను చేసిన తెలివైన పని ఒకటి చెబుతాను. ఆపరేషన్ అయ్యాక వారాలపాటు చేతులు పైకి లేపకూడదు, ఒత్తిడి పడే పనులు చేయకూడదని డాక్టరమ్మ చెప్పింది. అన్ని రోజులు కార్ఖానకు బీడీలు పోకపోతే ఎట్లా అని, ముందే రెండింతలు చేసిపెట్టడం మొదలుపెట్టాను. తెల్లారకముందే లేచి తడి ఆకు ముందేసుకునేదాన్ని. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే చేసేదాన్ని, పిల్లల పాఠాలు వింటూ చేసేదాన్ని. తంబాకు దుమ్ముకు దగ్గు వచ్చినా వదల్లేదు. ఆపరేషన్ ముందు రోజు జగిత్యాల పోయేసరికి నా వేళ్లు పసుపు పూసినట్టున్నాయి. ఎంత ముందుచూపున్నదాన్నో అని నాకు నేనే మురిసిపోయాను.

ఆ రోజు బయల్దేరుతుంటే మా అత్తమ్మ చద్ది సంచి పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. ఎక్కడికని మా ఆయన అడిగితే, “పిల్లను ఒక్కదాన్నే కత్తికాడికి పంపుతరారా?” అంది. నెల తరవాత ఆమె నోటి నుంచి నా గురించి వచ్చిన మొదటి మాట అది.

ఆసుపత్రిలో నెత్తురు తీశారు, మూత్రం తీసుకున్నారు. గంట తరవాత డాక్టరమ్మ గదిలోకి పిలిచింది. నవ్వే మొహం కాదు.

“సంధ్యారాణి గారూ, మీరు నాకు నిజం చెప్పలేదు. మీ మూత్రంలో పొగాకు ఉంది. తాగనివాళ్లలో ఇంత ఉండదు.”

పిల్లల మీద ఒట్టు పెట్టాను. బీడీ పెదవికి తగిలితే నాలుక తెగిపోవాలన్నాను. మా అత్తమ్మకు కోపం వచ్చి, మా ఇంట పుట్టినోళ్లు మెట్టినోళ్లు ఎవరూ తాగేవాళ్లు కాదని గట్టిగానే చెప్పింది. అప్పుడు వెనకాల నిలబడ్డ బుష్రా మెల్లగా, “మేడమ్, వీళ్లు తాగరు. చేస్తరు. మా దిక్కు ఆడోళ్లందరు బీడీలు చేస్తరు,” అంది.

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి వచ్చింది. నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. వాసన చూసింది. ఆకు తడిగా ఉంటుందా అని అడిగింది. తడిగానే ఉంటుంది, లేకుంటే పగులుతుంది అన్నాను. ఎన్నేళ్ల నుంచి అంది. బడి మానినప్పటి నుంచి అన్నాను.

“పొగ తాగుతారా అని అడిగాను. పొగాకు పట్టుకుంటారా అని అడగలేదు. అది నా తప్పు,” అంది.

తడి చేతి తోలులోంచి అది లోపలికి దిగుతుందట. దుమ్ముతో ఊపిరిలోకి పోతుందట. నిప్పు అక్కర లేదు, పొగ అక్కర లేదు. నేను నా చేతి నరాలవైపు చూసుకున్నాను. అన్నేళ్లుగా కట్టలు కట్టి కార్ఖానకు అప్పజెప్పానని అనుకున్నదాంట్లో కొంత నేనే దాచుకున్నానన్నమాట. ఒక్క బీడీ ముట్టించకుండా ఒళ్లంతా తాగాను. భయం తరవాత వచ్చింది. మొదట మాత్రం నోరు తెరుచుకుని ఉండిపోయాను. మనిషి తోలుకు ఇంత నోరుందా అనిపించింది.

ఈ నెత్తురుతో కత్తి పెడితే మొనలు బతుకుతాయని మాట ఇవ్వలేనంది డాక్టరమ్మ. నెలన్నర పొగాకు తాకొద్దు, పొగాకున్న గాలిలో ఉండొద్దు. మళ్లీ పరీక్ష చేసి, లేదని తేలితేనే ఆపరేషన్. లేచి రాబోతుంటే మా అత్తమ్మ కదల్లేదు.

“అమ్మా, పాలల్లకు గూడ పోతదా అది?” అని అడిగింది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుని కూర్చుంది. “పోతుందమ్మా,” అంది.

మా అత్తమ్మ చద్ది సంచి సర్దుకుంది. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చింది.

పొగాకు లేని గాలి ఎక్కడ దొరుకుతుంది? సిరిసిల్ల పోయాను, మా పుట్టింటికి. లోపల బట్ట నేసే సాంచాల చప్పుడు, బయట అరుగుల నిండా చాటలు. మా అమ్మ నా కోసం చాటను గది ఆ మూలకు జరుపుకుంది, తడి ఆకు మూట మాత్రం నేను పడుకున్న మంచం కిందే ఉంది. రాయికల్ పోతే మా చెల్లె ఇంట్లో అదే వాసన. నేను పుట్టి పెరిగిన ఊళ్లు, తిరిగిన ఊళ్లు ఒక్కటొక్కటి లెక్కేసుకున్నాను. మా చుట్టాల్లో తంబాకు లేని గడప నాకు తట్టలేదు. ఆ వాసనను నేను ఇంటి వాసన అనుకుని పెరిగాను, అందుకే అన్నాళ్లూ అది నా ముక్కుకే తెలియలేదు. చివరికి జోహరా బీ ఫోన్ చేసి, మిషను పక్కన చోటుంది, పొద్దంతా వచ్చి హుక్కులు కుట్టుకో, రాత్రి సంగతి రాత్రి చూద్దాం అంది.

తిరిగి కోరుట్లలో బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి, ఇల్లు నాది కాదేమో అనుకున్నాను. గోడలకు సున్నం వేసి ఉంది. గోనెసంచులు, బొంతలు అన్నీ ఉతికి మిద్దె మీద ఆరేసి ఉన్నాయి. మూలలో చాటలు లేవు, ఆకు మూట లేదు. అత్తమ్మ లేదు. మా ఆయనను అడిగితే ఎదురింటివైపు చూపించాడు. దేవవ్వ అరుగు మీద, ఎండ కాళ్ల మీద పడుతుంటే, మా అత్తమ్మ బీడీలు చేస్తోంది.

“నువ్వు వోయిన తెల్లారి సంది గిట్లనే. నన్నేమడుగకు,” అన్నాడు.

పొద్దు వాలాక ఆమె వచ్చింది. లోపలికి రాలేదు. వెనక గోడ చాటున, చావింటికి పోయి వచ్చినట్టు తల మీద నుంచి స్నానం చేసి, చీర అక్కడే పిండేసి, వేరే చీర కట్టుకుని అప్పుడు గడప దాటింది. అన్నం పెట్టమంది. తిని పడుకుంది. ‘ఎవలు సూస్తరని’ అన్న మనిషి ఈమేనా అని నేను పక్క మీద కూర్చుని ఆమె వీపు వంక చూస్తూ ఉండిపోయాను. లేచి ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది.

పొద్దున జోహరా బీ దగ్గర, రాత్రి ఇంట్లో. అట్లా రోజులు గడిచాయి. నా ఒళ్లు మాత్రం ఊరుకోలేదు. తల పగిలిపోయేది. ఆవులింతలు ఆగేవి కావు. హుక్కు చేతిలో ఉంటే దాని మీదే కోపం వచ్చేది. కొన్నాళ్లకు దేవవ్వ అరుగు మీద మా అత్తమ్మ చాట కూడా కనబడలేదు. దాన్ని దేవవ్వకే ఇచ్చేసి, బీడీలు చేయడం మానేసిందట. ఇంకేముంది, చిరాకులో ఇద్దరం ఇద్దరమే. చారులో ఉప్పు మీద, నల్లా కింద బిందె మీద, పిల్లి అరుపు మీద కూడా కొట్లాడుకున్నాం. గల్లీ అంతా చెవులొగ్గి విన్నది. మా ఆయన ఆటోలోనే పడుకున్నాడు. ఒకనాడు బుష్రా వచ్చి, ఇది మీ ఇద్దరి గుణం కాదు, తంబాకు ఒంట్లోంచి పోతుంటే ఇట్లాగే ఉంటుంది అని చెప్పింది. మా అత్తమ్మ, “అంటే ఇన్నొద్దులు మమ్మల్ని గదే నడిపిందా?” అంది. నాకూ అదే అనిపించింది. ఎన్నడూ అడగకుండానే ఇచ్చాం కాబట్టి అది మమ్మల్ని అడగాల్సిన పని పడలేదు. ఇప్పుడు అడుగుతోంది.

మృగశిర దాటి రెండో ఆదివారం మళ్లీ పరీక్ష. డాక్టరమ్మ కాగితం చూసి, నన్ను చూసి, “పోయింది,” అంది. మా అత్తమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. చెబితే పైకి చూసి దండం పెట్టింది.

ఆపరేషన్ పొద్దున డాక్టరమ్మ నన్ను నిలబెట్టి, తను స్టూలు మీద కూర్చుని, పెన్నుతో నా గుండెల మీద గీతలు గీసింది. పడుకుంటే అన్నీ పక్కలకు జారిపోతాయి, అందుకే నిలబడి ఉండగానే గీయాలట. మెడ ఎముక నుంచి టేపు పట్టింది. కళ్లు చిన్నవి చేసి చూసి, చెరిపి, మళ్లీ గీసింది. ఆఖరున పైన ఒకచోట చుక్క పెట్టి, ఇక్కడికి వస్తుంది అంది. నేను వంగి ఆ చుక్కను చూసుకున్నాను. పెళ్లి కాకముందు ఎప్పుడో నేను ఉన్న చోటు అది. అక్కడికి ఒక దారి ఉంటుందని, ఆ దారిని ఒక ఆడమనిషి పెన్నుతో గీయగలదని నేను కలలో కూడా అనుకోలేదు. ఒళ్లు జలదరించింది. చలికని అనుకుని ఆమె ఫ్యాను తగ్గించింది.

మెలకువ వచ్చేసరికి గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బిగుతు, గొంతు ఎండిపోయి ఉంది. భయపడ్డంత నొప్పి లేదు. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి పట్టీ కొంచెం పక్కకు తీసి, మొనను వేలితో ఒత్తి వదిలింది. తెల్లబడింది. కళ్ల ముందే, అంచు నుంచి మెల్లగా, మళ్లీ ఎర్రబడింది.

“చూశారా? పారుతోంది,” అంది.

నెలన్నరపాటు నేను, అత్తమ్మ, జోహరా బీ ముగ్గురం కాపలా కాసిన నెత్తురు అది. నా ఒంట్లో ఇన్నేళ్లుగా తిరుగుతున్నా నేను దాన్ని అప్పుడే మొదటిసారి చూశాను. ఇంకోసారి ఒత్తి చూపించమని అడిగాను. ఆమె నవ్వి, ఇంకోసారి చూపించింది.

ఇంటికి వచ్చాక నేను చంటిపిల్లనయ్యాను. చేతులు భుజం దాటి లేవవు. వెల్లకిలా దిండ్లకు ఆనుకుని పడుకోవాలి. రాత్రీ పగలూ మెత్తటి బాడీ విప్పకూడదు. మా అత్తమ్మ నాకు తల దువ్వింది, చీర కట్టింది, కాళ్లు కడిగింది. అన్నం మాత్రం చేత్తో కలిపి పెట్టలేదు, చెంచాతో పెట్టింది. మందు పట్టీలు మార్చడానికి బుష్రా వచ్చేది. అప్పుడు మా అత్తమ్మ గడప అవతల నిలబడి మొహం వీధివైపు తిప్పుకునేది. నా గుండెలను చూడటం ఆమెకు ఇష్టం లేదనుకున్నాను, మనసు చివుక్కుమంది. ఎడమ వైపు కొన్నాళ్లకు చీమలు పాకినట్టు స్పర్శ వచ్చింది. కుడి వైపు కట్టెలాగే ఉంది. గిల్లుకున్నా తెలిసేది కాదు. ఓపిక పట్టమంది డాక్టరమ్మ.

స్నానం చేయవచ్చని చెప్పిన రోజు వాన పడుతోంది. బుష్రాకు డ్యూటీ ఉంది. మా అత్తమ్మ నీళ్లు కాగబెట్టి, స్నానాలగదిలో పీట వేసి నన్ను కూర్చోబెట్టింది. ఇక తిప్పుకోవడానికి వీధి లేదు. బాడీ హుక్కులు తనే విప్పింది. విప్పి, చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. కుట్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి, ఒక పక్క కొంచెం ఉబ్బు ఉంది. అయినా అవి నావే, నా ఎదురుగా, ఉండాల్సిన చోట ఉన్నాయి. ఆమె చాలాసేపు చూసింది.

“మంచిగున్నయి,” అంది.

తరవాత ఒక పని చేసింది. తన వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. సబ్బు తీసి చేతులు కడుక్కుంది, మళ్లీ కడుక్కుంది, మళ్లీ వాసన చూసుకుంది.

“ముట్టుకుందునా?” అంది.

తల ఊపాను. చూపుడు వేలు కుడి వైపు మొన పక్కన ఆనించింది. తడి వేలు. ముందు ఏమీ లేదు. తరవాత ఎక్కడో దూరాన, గోడ అవతల ఎవరో తట్టినట్టు, చల్లగా తగిలింది.

“తెలుస్తుంది అత్తమ్మా,” అన్నాను. “సల్లగ తెలుస్తుంది.”

ఆమె చెయ్యి తీసేసింది. చెంబుతో నీళ్లు ముంచి నా వీపు మీద పోసింది. నీళ్లు పోస్తూనే, నా వెనక నుంచి మాట్లాడింది.

“అందరు పిల్లలకు పాలు మాన్పియ్యనీకి రొమ్ముకు వేపాకు నూరి రాస్తరు. నేను ఒక్క పిల్లకు గూడ రాయలే. చాట ముందటేసుకుని, గా తంబాకు చేతులతోనే పాలిచ్చేది. నోట్ల పెట్టంగనే మొకం తిప్పుకునేటోళ్లు. నీ మొగడు గూడ గంతే. నా పిల్లలు బుద్ధిమంతులు, వాళ్లంతట వాళ్లే మానిన్రని నేను ఊరంత చెప్పుకున్న.”

చెంబు నీళ్లలో మునిగిన చప్పుడు వచ్చింది. పైకి రాలేదు. నా చేతులు వెనక్కి తిరగవు, ఆమె దాకా లేవవు. పీట మీదే మెల్లగా ఆమెవైపు జరిగి తిరిగాను. నడుము దగ్గర అందిన ఆమె చెయ్యి పట్టుకుని, తెచ్చి నా రొమ్ము మీద పెట్టుకున్నాను.

“మల్ల సూడు అత్తమ్మా,” అన్నాను. “తెలుస్తుందో లేదో.”

ఆమె అరచెయ్యి మొత్తం ఆనించింది.